పాత నంబరు, కొత్త నంబరు

పురసైవాక్కం వెల్లాల వీధిలో ఒక ఇంటిని
నాలుగు రోజులుగా కూలుస్తున్నారు.
ఐదో రోజు గేటు దగ్గర
కిటికీలు, గడపలు, మెట్ల కమ్మీలు
వరసగా కాటా ఎక్కుతున్నాయి.
టేకునీ వేపనీ ఒకే రేటుకి తూచేవాడితో
బేరమాడటానికి సిగ్గేసింది.
అయినా ఆడాను.

నాకు దక్కినవి:
గుండ్రటి కన్నాలు ఆరున్న పాత స్విచ్చిబోర్డు చెక్క,
కిటికీ రెక్కలోంచి ఊడిన బద్దలు ఏడు,
కుట్టుమిషను సొరుగొకటి. పిడి లేదు,
లోపల మాత్రం ఇంకా ఒక గుండీ దొర్లుతోంది.
మొత్తం మూడు కిలోల పైచిలుకు.
బస్సులో ఒళ్లో పెట్టుకు కూర్చుంటే
కండక్టరు చిల్లర ఇస్తూ
నన్ను కాదు, దాన్ని చూశాడు.

అయనావరం తాలూకా ఆఫీసు ఎదుట
నాదో నాలుగడుగుల బల్ల, కంప్యూటరు, ప్రింటరు.
వచ్చినవాళ్లకి అర్జీలు టైపు చేసిపెడతాను.
ఆ బల్ల మీద
గుండుసూదులు స్టాంపు ప్యాడులో మునిగి,
ట్యాగు దారాలు టీ గ్లాసుని చుట్టుకుని,
రెవెన్యూ స్టాంపులు ఫ్యానుగాలికి రోడ్డెక్కి...
ఒకావిడ పింఛను కాగితం
నా అన్నం డబ్బా కింద రెండు రోజులు నిద్రపోయింది.
ఆవిడ రెండు రోజులూ వచ్చి వెళ్లింది.

మా కింది వాటాలో ఆరోగ్యసామి గారు
రైలుపెట్టెల్లో చెక్కపని చేసి రిటైరయ్యారు.
రంపం అడిగితే రంపం ఇవ్వలేదు,
తానే వచ్చారు.
బోర్డుని గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని
"బర్మా" అన్నారు,
తప్పిపోయిన చుట్టం పేరు చెప్పినట్టు.

గీకుతుంటే రంగులు పొరలుగా లేచాయి.
పచ్చ, దాని కింద నీలం,
దాని కింద మళ్లీ అదే పచ్చ.
ఎవరో మనసు మార్చుకుని
కొన్నేళ్లకి వెనక్కి వచ్చారు.
వంకర మేకుల్ని రుబ్బురోలు మీద పెట్టి సాపు చేశాను.
రెండు వేళ్లు కూడా సాపయ్యాయి.
సొరుగు అడుగున, బద్దలు అడ్డుగోడలుగా,
బోర్డు పైకప్పుగా.
ఎడమ మూల బియ్యపుగింజంత పొట్టి.
మడతపెట్టిన కరెంటు బిల్లు దోపితే నిలబడింది.

బోర్డు బిగించబోతూ వెనక్కి తిప్పితే
ఒక్కో కన్నం పక్కన పెన్సిలు రాత.
ఏ కాలపు ఎలక్ట్రీషియనో, తమిళంలో.
కీబోర్డు మీద తమిళం నాకు పరుగు,
చేతిరాతలో మాత్రం నడక.
కూడబలుక్కుని చదివాను:
హాలు. హాలు ఫ్యాను. వంటిల్లు.
మెట్లు. తాతగారి గది.
ఆరోదాని పక్కన మాట లేదు,
ఒక ప్రశ్నార్థకం.

ఆరోగ్యసామి గారు కళ్లజోడు తీసి తుడుచుకుని
"వాడికీ తెలీలేదన్నమాట" అన్నారు.

ఆ వైపు ఇసక కాగితం తగలనివ్వలేదు.

ఇప్పుడు హాల్లో నీలం పెన్ను,
వంటింట్లో ఎర్రది, మెట్ల దగ్గర నల్లది.
ఫ్యాను ఉన్నచోట స్కేలు.
తాతగారి గదిలో కత్తెర, తలకిందులుగా.
ప్రశ్నలో ఏదీ ఇమడదు.
పెన్సిలు వేస్తే జారిపోయి
సొరుగులో గుండీ పక్కన పడుకుంటుంది.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది.
రేషను కార్డులో అడ్రసు మార్పించాలని
కన్నియమ్మ అనే ఆవిడ అప్పుడే వచ్చి కూర్చుంది.
ప్రింటరు సగం కాగితం నోట్లో పెట్టుకుని ఆగింది.
చీకట్లో నా చేయి దానంతటదే వెళ్లి
మెట్ల లైటు వేసింది.
చేతికి నల్ల పెన్ను వచ్చింది.

ఫోను వెలుతురులో ఫారం నింపుతూ
పాత నంబరెంత, కొత్త నంబరెంత అని అడిగాను.
ఈ ఊళ్లో ఇళ్లకి రెండూ ఉంటాయి,
మధ్యలో ఒక గీత.
ఆవిడ కొత్తది వెంటనే చెప్పింది.
పాతది గుర్తు తెచ్చుకుంటూ
వేలితో ఆ ఖాళీ కన్నం అంచు చుట్టూ
తిప్పుతూ కూర్చుంది.